ఆఖరు చెప్పను

‘సైకో’ సినిమాలో ఆ గుట్టమీది ఇంట్లో ఏముందో నేను చెప్పను. అది తెలుసుకుందామని చదువుతున్నట్టయితే ఇక్కడితో ఆపేయ్, అబ్బాయ్. 1960లో వచ్చిన సినిమా, అరవై ఏళ్ళు దాటిపోయాయి, ఇంకా దాచేదేముంది తాతా అని మా మనవడు అడిగాడు. పాతదైతే ఏం? నువ్వు చూశావా? చూడనివాడికి అది ఇవాళే విడుదలైనట్టు లెక్క. వాడన్నాడూ, ‘చూడక్కర్లేదు తాతా, కథంతా పది నిమిషాల్లో చెప్పే వీడియో ఉంది, నిన్న అన్నం తింటూ చూసేశాను’ అని. ఆ వీడియో నాకూ చూపించాడు. ఎవడో కుర్రాడు ఊపిరైనా తీసుకోకుండా గడగడా అప్పజెప్పేశాడు. అసలు గుట్టు మొదటి నిమిషంలోనే బయటపెట్టేసి, తర్వాత తాపీగా కథ మొదలెట్టాడు. హిచ్‌కాక్ అంతటి దర్శకుడు 109 నిమిషాలపాటు గుప్పిట్లో పట్టుకున్న సంగతిని వీడు గుప్పిట తెరిచి నేలమీద పోశాడు. దానికి లక్షలమంది మెచ్చుకోలు!

మా రోజుల్లో కథ చివర చెప్పడం మర్యాద తప్పిన పని. సినిమా హాల్లో పాటల పుస్తకాలు అమ్మేవారు, మీ నాన్నని అడుగు, వాడూ చూసే ఉంటాడు. పల్చటి కాగితం, చేతికి అంటుకునే సిరా. అందులో ముందు నటీనటుల పేర్లు, తర్వాత కథ, ఆపైన పాటలు. కథ మాత్రం సరిగ్గా చిక్కుముడి పడ్డచోట ఆగిపోయేది. హీరోయిన్ ఇల్లొదిలి వెళ్ళిపోతుంది, హీరో మీద హత్యానేరం పడుతుంది, అక్కడ మూడు ప్రశ్నలు వేసి, మిగతాది వెండితెరమీద చూసుకోమనేవారు. ఆ పుస్తకం రాసినవాడి పేరు ఎవడికీ తెలియదు. వాడికిచ్చే జీతం ఎంతో ఏమో. అయినా ఎక్కడ ఆగాలో వాడికి తెలుసు. ఇప్పుడు ట్రైలరు అని ఒకటి వదులుతారు. అందులో హీరో పుట్టుక, పగ, విలన్ చావు, ఐటం పాట అన్నీ ఉంటాయి. ఇక హాలుకి వెళ్ళి చూడ్డానికి మిగిలిందేమిటి, పాప్‌కార్నా?

అలాగని మా కాలంలో అందరూ సత్యహరిశ్చంద్రులని అననులే. అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు నవల తెచ్చుకుంటే, డిటెక్టివ్ యుగంధర్ ఇంకా కారు దిగకముందే పేజీ మార్జిన్లో పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసి ఉండేది. మాకంటే ముందు ఆ పుస్తకం పట్టుకెళ్ళిన దుర్మార్గుడెవడో చేసిన పని. కొన్ని పుస్తకాలకి ఆఖరి కాగితం కూడా ఉండేది కాదు. కానీ ఆ పెన్సిల్‌వాడిని మేమంతా కలిసి తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు వాడికి చందాదారులుగా చేరుతున్నారు మీరు. తేడా అక్కడుంది.

హిచ్‌కాక్ ఆ సినిమా గుట్టు కాపాడటానికి ఎంత అవస్థపడ్డాడో తెలుసా? రాబర్ట్ బ్లాక్ అనే ఆయన 1959లో రాసిన నవల అది. దాని హక్కులు 9,500 డాలర్లకి కొన్నాడు, అదీ కొంటున్నది తనేనని రచయితకి తెలియనివ్వకుండా. పారమౌంట్ కంపెనీకి ఈ కథంటే గిట్టలేదు. ఇంత కంపరం కథకి మేం డబ్బు పెట్టం అన్నారు. సరే నేనే పెట్టుకుంటానని, తన టీవీ కార్యక్రమానికి పనిచేసే సిబ్బందినే పిలిచి, ఎనిమిది లక్షల డాలర్లలో నలుపూ తెలుపూలో తీసేశాడు. తన పారితోషికం కూడా అప్పటికి తీసుకోకుండా, దానికి బదులు సినిమాలో వాటా రాయించుకున్నాడు. మనిషికి తన కథమీద ఉన్న నమ్మకం అలాంటిది.

తీశాక విమర్శకులకి ముందుగా ప్రత్యేక ప్రదర్శన వెయ్యలేదు. టికెట్టు కొనుక్కున్న జనం మధ్య కూర్చునే చూడమన్నాడు. వాళ్ళకి కోపం వచ్చింది, కొందరు ఆ కోపంతోనే రాశారు కూడా. రానీ అనుకున్నాడు. ప్రచారానికి ఆరు నిమిషాల పైన నడిచే ట్రైలరు ఒకటి తీశాడు. అందులో సినిమాలోని దృశ్యం ఒక్కటీ లేదు. తనే సూటూ బూటూ వేసుకుని, ఇల్లు అద్దెకిచ్చే బ్రోకరు చూపించినట్టు ఆ ఇంటినీ, ఆ గదుల్నీ తిరిగి చూపిస్తాడు. ఏదో చెప్పబోయి ఆగుతాడు. తలుపు తీయబోయి వద్దులే అంటాడు. అది ట్రైలరంటే! చూశాక తెలిసింది తక్కువ, తెలుసుకోవాలన్న దురద ఎక్కువ.

వీటన్నిటికంటే గొప్పది ఆయన పెట్టిన షరతు. సినిమా మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి పంపకూడదు. ఎంత పెద్దవాడు వచ్చినా సరే. అమెరికాలో అప్పట్లో జనానికి ఓ అలవాటుండేది. ఎప్పుడు తీరితే అప్పుడు హాల్లోకి వెళ్ళి, మధ్యలోంచి చూసి, మళ్ళీ తర్వాతి ఆటలో మొదలు చూసి, తాము వచ్చినచోటు రాగానే లేచిపోయేవారు. ఆ అలవాటు మీద దెబ్బ కొట్టాడు. హాలు గుమ్మంలో తన నిలువెత్తు బొమ్మ పెట్టించి, చేతి గడియారం చూపిస్తున్నట్టు నిలబెట్టాడు. ఆఖరు బయట చెప్పొద్దని జనాన్ని బతిమాలాడు. జనం విన్నారు! వరసల్లో నిలబడి, వేళకి లోపలికెళ్ళి, బయటికొచ్చి నోరు మూసుకున్నారు. ఇవాళ ఎవడైనా దర్శకుడు అలా బతిమాలితే, బతిమాలిన వీడియోని కూడా ముక్కలు చేసి ఎగతాళి చేస్తారు.

ఎందుకంత పట్టుదల అంటావేమో. ఆ సినిమాలో పేరున్న నటి జానెట్ లీ. ఆవిడే కథానాయిక అనుకుని కూర్చుంటాం. ఒక ఆఫీసులో గుమాస్తా. ప్రేమించినవాడు అప్పుల్లో ఉన్నాడు, పెళ్ళి కుదరడం లేదు. యజమాని బ్యాంకులో వెయ్యమన్న 40,000 డాలర్లు పట్టుకుని కార్లో పారిపోతుంది. అక్కణ్ణించి మన ప్రాణమంతా ఆ డబ్బుమీదే. పోలీసు నల్ల కళ్ళద్దాలతో కారు కిటికీలోంచి తొంగి చూస్తే మన గుండె ఆగుతుంది. ఎదుటి కార్ల వెలుగు కళ్ళల్లో కొట్టి, వాన పట్టుకుని, దారి తప్పి, ఒక మోటెల్ ముందు ఆగుతుంది. ఆ తర్వాత స్నానాల గది. ఆ సంగతి లోకమంతా తెలిసిపోయింది కాబట్టి నేను చెప్పినా తప్పులేదు. కథానాయిక అక్కడ అయిపోతుంది! సినిమా ఇంకా సగానికి పైన ఉంది. మన సావిత్రిని విశ్రాంతికి ముందే చంపేసి, మిగతా సినిమా చూడండి అంటే మా ఊరి హాల్లో కుర్చీలు మిగిలేవా? ఆలస్యంగా వచ్చినవాడు జానెట్ లీ ఏదీ ఏదీ అని చివరిదాకా వెతుక్కుంటూ కూర్చుంటాడు. అందుకని తలుపులు వేయించాడు.

నేను దాన్ని బెజవాడలో చూశాను. ఇంగ్లీషు బొమ్మలు మనదాకా అప్పట్లో నింపాదిగా వచ్చేవి. అమెరికాలో విడుదలై, బొంబాయీ మద్రాసూ చుట్టుకుని, రీళ్ళమీద గీతలు పడ్డాక మనకి దక్కేవి. మా పెద్దన్నయ్య అప్పటికే మద్రాసులో చూసొచ్చాడు. ఎలా ఉందన్నయ్యా అంటే ‘చూడు’ అన్నాడు. కథేమిటంటే ‘చూడు’ అన్నాడు. భయమేస్తుందా అంటే కొంచెంసేపు ఆలోచించి, మళ్ళీ అదే మాట. ఆయన ఆ మాట అన్నప్పుడు మొహంలో ఒక రకమైన ఇబ్బంది కనబడింది నాకు. ఆ ఇబ్బందే నన్ను హాలుకి లాక్కెళ్ళింది. ఇంతకుమించిన ప్రచారం ఏ కంపెనీ చెయ్యగలదు?

హాల్లో ముందు ఫిలిమ్స్ డివిజన్‌వాళ్ళ న్యూస్‌రీలు వేసేవారు. ఎక్కడో వరదలు, ఎవరో మంత్రిగారు శంకుస్థాపన చేస్తూ. అది నడుస్తుంటే జనం తీరుబడిగా వచ్చి చెప్పులు విప్పుకుని సర్దుకునేవాళ్ళు. ఇంగ్లీషు మాకు సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. ముందు వరసలో ఒకాయన తన పక్కవాళ్ళకి తెలుగులో చెప్పుకుంటూ కూర్చున్నాడు. అయినా ఆ స్నానాల గది దృశ్యం రాగానే ఆయన కూడా చెప్పడం మానేశాడు. అక్కడ భాషతో పనేముంది? బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లమీద అలా కోస్తుంటే. సినిమా మొత్తానికి తీగ వాయిద్యాలే వాడాడాయన. డప్పు లేదు, బాకా లేదు. ఆ దృశ్యానికి అసలు సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడట, హెర్మన్ రాసి వినిపించాక ఒప్పుకున్నాడు. పెద్దవాళ్ళు ఒకరి మాట ఒకరు వినే కాలం.

తెరమీద ముక్కాలు నిమిషం ఉండే ఆ దాడికి ఏడు రోజుల చిత్రీకరణ. 78 సార్లు కెమెరా చోటు మార్చారు. కత్తి దిగి ఒళ్ళు చీలడం చూపించరు, చూశామని మనమే ప్రమాణం చేస్తాం. నెత్తురు కూడా నెత్తురు కాదు, చాక్లెట్ సిరప్. నలుపూ తెలుపూలో అదే బాగా కనిపిస్తుందని పోశారు. నీళ్ళు తిరుగుతూ తూములోకి పోవడం, ఆ తూము మెల్లిగా కన్నుగా మారడం. ఇప్పుడు మీ సినిమాల్లో బక్కెట్ల కొద్దీ రక్తం తెరకి కొడతారు, నాకు ఆవలింతలొస్తాయి. అప్పుడు చాక్లెట్ పాకం చూసి నాలుగు రోజులు స్నానాల గది తలుపు గడియ వేసుకోలేకపోయాం మేము. మా ఇంట్లో అది పెరట్లో ఉండేది, తడిక తలుపు, దానికి గడియే లేదనుకో, అది వేరే సంగతి.

మీరేమో ఆ ముక్కాలు నిమిషాన్ని మాత్రం కోసి, ఫోన్లో పెట్టుకుని, బస్సులో నిలబడి చూస్తారు. అది సినిమా కాదురా. ఆ దృశ్యానికి ముందు ఒక గదిలో ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటారు, అది చూడాలి. మోటెల్ ఆఫీసు వెనక చిన్న గది. గోడలకి చచ్చిన పక్షులు, లోపల కూరి బతికున్నట్టు నిలబెట్టినవి, గుడ్లగూబ రెక్కలు విప్పుకుని మీదికి దూకబోతున్నట్టు. ఆ అమ్మాయి రొట్టె తింటూంటుంది, ఆ కుర్రాడు తినడు, చూస్తూంటాడు. ఆంథొనీ పెర్కిన్స్. ఎంత బిడియం, ఎంత మర్యాద! పల్చటి మనిషి, చిన్నపిల్లాడి నవ్వు. వాళ్ళమ్మ గురించి చెబుతాడు. ఒంట్లో బాగుండదంటాడు, కోపం ఎక్కువంటాడు, వదిలి వెళ్ళలేనంటాడు. తల్లినెక్కడైనా చేర్పించరాదా అని ఆ అమ్మాయి పాపం మంచికే అంటుంది. అప్పుడు వాడి మొహం చూడు. గొంతు పెంచడు. ముందుకి వంగుతాడు, అంతే. హాలంతా వెనక్కి జరిగింది. దాన్ని రెట్టింపు వేగంతో నడిపి చూస్తే నీకేం కనబడుతుంది, నాయనా? ఆ వంగడంలోనే కథంతా ఉంది.

ఆ మోటెల్‌కి పన్నెండు గదులు, పన్నెండూ ఖాళీ. ఎందుకంటే కొత్త రహదారి వేశారు, బళ్ళన్నీ అటు పోతున్నాయి, పాత రోడ్డు పాడుబడింది. నాకు ఆ మాట దగ్గర ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. మా ఊరికీ బైపాస్ పడ్డాక సెంటర్లో టిఫిన్ హోటళ్ళు ఒక్కొక్కటే మూతబడ్డాయి. రోడ్డు పక్కకి పోతే మనుషులు రారు, మనుషులు రాకపోతే ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మిగిలిపోతారు. తల్లీ కొడుకూ, మేడమీద కిటికీలో దీపం. వాళ్ళ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పడానికి పక్కింటివాడైనా లేడు. హిచ్‌కాక్ ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పించి ముందుకెళ్ళిపోయాడు. ఇప్పటి దర్శకుడైతే దీనికో ఫ్లాష్‌బ్యాక్, అందులో ఓ పాట.

ఇక్కడ మా రోజుల గురించి ఒక మాట ఒప్పుకోవాలి, నా గొంతు కొంచెం తగ్గుతుంది. మాకు సినిమా గుట్టు దాచడం వచ్చు, సరే. ఇంటి గుట్టు దాచడం అంతకంటే బాగా వచ్చు. మా వీధిలో ఒక పెద్ద లోగిలి ఉండేది. వెనక కొట్టుగదికి ఎప్పుడూ తాళం. లోపలినుంచి అప్పుడప్పుడూ పాట వినిపించేది, ఆడగొంతు. ఎవరని అడిగితే మా అమ్మ మాట మార్చేసేది. గాలి సోకిందనేవారు, పురుగు పట్టిందనేవారు, వేపమండలతో కొట్టే వాణ్ణి పక్క ఊరినుంచి పిలిపించేవారు. ఆ ఇంటి ఆడపిల్లలకి సంబంధాలు తప్పిపోతాయని తాళం తీసేవారు కాదు. మనిషికి మనసు జబ్బు చేస్తుందని, దానికి వైద్యముంటుందని ఎవరికీ తోచలేదు. సైకో చూసి వచ్చిన రాత్రి నాకు గుర్తుకొచ్చింది ఆ పాట. సినిమా చివర్లో ఒక డాక్టరు వచ్చి ఆ ఇంటి సంగతి కూలంకషంగా చెబుతాడు. అది సాగదీత అని చదువుకున్న విమర్శకులు ఇప్పటికీ తప్పుపడతారు. నాకు మాత్రం ఆ డాక్టరు కావలసి వచ్చాడు. ఒక ఇల్లు తలుపులు మూసుకుని కూర్చుంటే లోపల మనిషికి ఏమవుతుందో నాకు మొదటిసారి చెప్పినవాడు ఆయనే. ఆ చెప్పింది నేటి వైద్యశాస్త్రానికి సరితూగదంటారు, సినిమా చూసి అలాంటి రోగులందరినీ చూసి భయపడటం అన్యాయమంటారు. నిజమే. అయినా తాళం వేసిన గది గురించి మా వీధిలో ఒక్కడూ మాట్లాడని రోజుల్లో, తెరమీద ఎవరో మాట్లాడారు.

ఇప్పుడు మీరు మనసు బాగోలేకపోతే బాగోలేదని చెబుతున్నారు, డాక్టరు దగ్గరికి వెళుతున్నారు. ఈ ఒక్కటీ మా రోజుల్లో లేదు, ఉంటే బాగుండేది. మిగతావన్నీ ఉండేవి.

సైకో తర్వాత దాన్ని చూసి తీసినవాళ్ళు ఎంతమందో లెక్కలేదు. మన పక్కనే తమిళంలో బాలూ మహేంద్ర 1980లో ‘మూడుపని’ తీశాడు, ఆ సినిమా ప్రభావమేనని తెలుస్తూనే ఉంటుంది, కానీ సొంత చూపుంది. మన వంశీ 1985లో ‘అన్వేషణ’ తీశాడు. దానికీ దీనికీ కథలో చుట్టరికం లేదు, కానీ చివరిదాకా గుట్టు పట్టుకుని నడిపించడం ఆయనకీ తెలుసు. ఆ సినిమా చూసొచ్చిన వాళ్ళు కూడా బయట నోరు విప్పలేదు, బాగా జ్ఞాపకం నాకు. అమెరికాలోనే 1998లో ఇంకో ఘనకార్యం చేశారు. గస్ వాన్ శాంట్ అనే దర్శకుడు ఆ సైకోనే దాదాపు షాటుకి షాటు మళ్ళీ తీశాడు, రంగుల్లో. అవే మాటలు, అదే సంగీతం. నిలబడలేదు. ఎందుకు నిలబడుతుంది? చూడటానికొచ్చిన వాళ్ళందరికీ ఆఖరు తెలుసు. నాకు దాని రంగుల మీద కోపం లేదు, ఎర్రగా ఉంటే నెత్తురు అక్కడే ఉండిపోతుంది, నలుపులో ఉంటే అది మన ఊహలోకి ఎక్కుతుంది, ఆ తేడా వాళ్ళకి తెలియకపోయిందే అన్న బాధ.

అసలు సైకోకి ఆస్కార్ ఒక్కటీ రాలేదు. నాలుగింటికి పేరు పంపారు, నాలుగూ పోయాయి. హిచ్‌కాక్‌కి ఉత్తమ దర్శకుడిగా ఎప్పుడూ ఇవ్వలేదు. పెర్కిన్స్‌కైతే పేరు కూడా పంపలేదు. ఆ బిడియపు నవ్వుకి, ఆ నత్తికి. జన్మంతా ఆ పాత్ర నీడలోనే బతికాడు పాపం, తర్వాత భాగాల్లో కూడా అదే వేషం వేశాడు, ఒకదానికి తనే దర్శకత్వం వహించాడు.

ఇవన్నీ నేనిప్పుడు సరిచూసుకున్నది ఫోన్లోనే. మా మనవడే చూపించాడు. సినిమా మళ్ళీ చూసిందీ వాడి టీవీలోనే, ఇంట్లో కూర్చుని, గీతల్లేకుండా. బెజవాడ హాల్లో నాకు కనబడని నీడలు ఈసారి కనబడ్డాయి. ఆ సదుపాయం మంచిదే, కాదనను. మంచి సదుపాయం చేతిలో పెట్టుకుని పది నిమిషాల వీడియోలు చూస్తున్నారే అన్నదే నా ఏడుపు.

కాబట్టి, అబ్బాయ్, అమ్మాయ్, నా మాట విను. ఆ పది నిమిషాల వీడియో నీ కంటబడకముందే సైకో చూడు. రాత్రి చూడు. మొదటి నిమిషం నుంచి చూడు, ఫోను ఇంకో గదిలో పెట్టి. వేగం పెంచకు, ముందుకి తోయకు. చూశాక నీ స్నేహితుడు ఎలా ఉందని అడిగితే, చూడమని చెప్పు. ఆఖరు మాత్రం చెప్పకు.